చర్మం బిగుతు చికిత్సల్లో మీకు ఏది? విశాఖలో క్లినిక్ మెట్లెక్కే ముందు చేయాల్సిన పనులు

మా వదిన ఒకే వారంలో మూడు క్లినిక్‌లు తిరిగింది. ఒకటి ద్వారకానగర్‌లో, ఒకటి సిరిపురంలో, మూడోది ఎంవీపీ కాలనీలో. తీసుకెళ్లిన ముఖం ఒకటే, వయసు 52. మొదటి చోట హైఫూ, అంటే అల్ట్రాసౌండ్ వేడితో బిగించేది, చేయించుకోమన్నారు. రెండో చోట ఆర్ఎఫ్ సూదులు, అంటే రేడియో తరంగాల వేడి వదిలే సూదులన్నారు. మూడో చోట దారాలు వేస్తే మధ్యాహ్నానికల్లా పదేళ్లు తగ్గిపోతారన్నారు. ఇంటికొచ్చి మూడు కొటేషన్లూ డైనింగ్ టేబుల్ మీద పరిచి, "ఏటమ్మా ఇది? జొరమొస్తే ఏ డాక్టరైనా ఆ మాత్రే రాస్తాడు గదా, దీనికి మూడు రకాలేటి?" అంది.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఎవరి దగ్గర ఏ మిషన్ ఉందో వాళ్లు అదే చెప్పారు. లక్షలు పోసి కొన్న మిషన్ ఖాళీగా ఉంటే వాళ్లకూ కుదరదు కదా. కాబట్టి మిషన్ పేరు మీరు చివర తేల్చుకోవాలి. ముందు తేల్చుకోవాల్సింది మీ ముఖంలో అసలు ఏది జారింది అన్నది. ఈ వరస తిరగబడినప్పుడే డబ్బు పోతుంది, ఒక్కోసారి చర్మమూ పోతుంది. నేను డాక్టర్ని కాను. దవడ మీద ఒక మచ్చ తెచ్చుకుని, అది పోయేదాకా అడిగీ చదివీ తెలుసుకున్నదాన్ని. ఆ మచ్చ సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

మొదటి పని: అద్దం, కిటికీ, పది నిమిషాలు

పొద్దున్నే, ముఖం కడుక్కుని, ఏ క్రీమూ రాయకుండా కిటికీ పక్కన కూర్చోండి. బాత్రూమ్ లైటు కింద వద్దు. పైనుంచి పడే వెలుగులో పాతికేళ్ల పిల్లకైనా కళ్ల కింద గుంటలు కనిపిస్తాయి.

చేతి అద్దం ఒకటి తీసుకుని మంచం మీద వెల్లకిలా పడుకోండి. అద్దం పైకెత్తి చూడండి. దవడ గీత చక్కగా కనిపించి, "నాకు కావాల్సింది ఇదే" అనిపిస్తే, మీ సమస్య కిందకి జారడమే. పడుకున్నా ముఖం పీక్కుపోయినట్టే ఉంటే జారడం ఒక్కటే కాదు, లోపల నిండుదనం తగ్గింది. బిగించే మిషన్ అలాంటి ముఖాన్ని ఇంకా పీల్చేస్తుంది.

ఇప్పుడు లేచి కూర్చుని గడ్డం కింద బొటనవేలు, చూపుడువేలుతో మెల్లగా పట్టుకోండి. వేళ్ల మధ్యకి పల్చటి గుడ్డలా వస్తే అది వదులైన చర్మం. మెత్తగా, మందంగా వస్తే అది కొవ్వు. కొవ్వుకి దారి వేరు. కొవ్వు కరిగించే ఇంజెక్షన్లు, చల్లదనంతో తగ్గించే పద్ధతి లాంటివి ఉన్నాయి. కొవ్వు అలాగే ఉంచి పైన చర్మం బిగిస్తే బస్తా నింపి మూతి కుట్టినట్టే ఉంటుంది. పళ్లు గట్టిగా బిగించి "ఈ" అనండి. మెడ మీద నిలువుగా తాళ్లలా లేస్తే అవి కండరాలు. వాటికి బొటాక్స్ లాంటిది పని చేస్తుంది. వేడితో బిగించేవి వాటి మీద పెద్దగా పనిచేయవు.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటి ఉంది, నోరు తెరిచి చూసుకోవడం. వెనక దవడ పళ్లు రెండు మూడు తీయించుకుని, "నవ్వితే కనిపించవులే" అని కట్టించుకోకుండా వదిలేసినవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది! లోపల ఆధారం పోతే బుగ్గ ఆ పక్క లోపలికి పోతుంది. దానికి ఏ అల్ట్రాసౌండూ చేయగలిగింది లేదు.

బరువు ఇంకా తగ్గుతూ ఉన్నవాళ్లు ఇక్కడే ఆగండి. 2025లో మౌంజారో, వెగోవీ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాక, ఒంటి బరువుతో పాటు ముఖం కూడా తగ్గిందని క్లినిక్‌లకు వెళ్లేవాళ్లు కనిపిస్తున్నారు. బరువు ఒకచోట నిలిచి కొన్ని నెలలయ్యాక చూసుకోవడం మంచిది. ఇవాళ బిగించుకున్నది ఇంకో ఎనిమిది కిలోలు తగ్గాక మళ్లీ వదులైపోతుంది.

రెండో పని: వేడి లోపల ఏం చేస్తుందో ఒకసారి అర్థం చేసుకోండి

ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన రొయ్యల్ని వేడి మూకుట్లో వేసినప్పుడు చూడండి. చాచుకున్న రొయ్య క్షణంలో ముడుచుకుంటుంది. వేడికి ప్రొటీన్ కుంచించుకుపోతుంది. మన చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ కూడా ప్రొటీనే. సుమారు 60 నుంచి 65 డిగ్రీల వేడి తగిలితే దాని పోగులు ముడుచుకుంటాయి. అంతటితో అయిపోదు. అక్కడ చిన్న గాయమైందని శరీరం అనుకుని మరమ్మతు మొదలుపెడుతుంది, కొత్త కొల్లాజెన్ పెట్టుకుంటూ వస్తుంది. అసలు ఫలితం ఈ మరమ్మతుదే. దానికి రెండు మూడు నెలలు పడుతుంది, కొందరికి ఆరు నెలలు.

అందుకే క్లినిక్ నుంచి బయటకొస్తూ అద్దంలో కనిపించే బిగువు చూసి మురిసిపోకండి. అందులో చాలా భాగం వాపు. వారంలో అది దిగిపోతే "డబ్బంతా వృథా" అని టెన్షన్ పడాల్సిన పనీ లేదు. రెండూ తప్పే.

మరమ్మతు చేసుకునే శక్తి వయసుతో తగ్గుతుంది. ఆడవాళ్లకి నెలసరి ఆగిన మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్‌లో 30 శాతం దాకా పోతుందని వైద్యులు చెబుతారు. పొగతాగేవాళ్లకి, అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లకి మానడం నెమ్మది. ఒకే మిషన్ మీద మీ పక్కింటావిడకి వచ్చిన ఫలితం మీకు రాకపోవడానికి ఇదొక కారణం.

మూడో పని: ఏది ఎంత లోతుకి పోతుందో చూసి, మీ వదులుతో పోల్చుకోండి

హైఫూ అంటే ఒకచోట కేంద్రీకరించిన అల్ట్రాసౌండ్. భూతద్దంతో ఎండని ఒక చుక్కలోకి తెచ్చి కాగితం కాల్చిన ఆట గుర్తుందా? అలాగే శబ్ద తరంగాల్ని చర్మం కింద ఒక చుక్క దగ్గర కలుపుతారు. పైచర్మం కాలదు, లోపల చుక్క చుక్కగా 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. లోతులు మామూలుగా 1.5, 3, 4.5 మిల్లీమీటర్లు. ఈ 4.5 అన్నది ముఖ్యం. ముఖానికి ఆపరేషన్ చేసే సర్జన్ పట్టుకుని లాగి కుట్టే పొర చాలావరకు ఆ లోతులోనే ఉంటుంది. కోత లేకుండా ఆ పొరను తాకగలగడమే హైఫూకి ఉన్న పేరు. ఈ రకంలో అల్థెరపీ అనే మిషన్‌కి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2009లో కనుబొమ్మలు ఎత్తడానికి, 2012లో గడ్డం కిందకి, మెడకి అనుమతి ఇచ్చింది. ఆ మిషన్‌లో లోపలి పొరలు స్క్రీన్ మీద కనిపిస్తాయి, చేసేవాళ్లు చూసి తరంగాలు వదులుతారు. హైఫూ పేరుతో నడుస్తున్న చాలా మిషన్లకి ఆ తెర లేదు, చేతి అంచనాయే. నేనైతే దీన్ని చిన్న తేడాగా చూడను.

ఇది ఎవరికి నప్పుతుంది? 40 దాటి, దవడ గీత కొద్దిగా మసకబారి, ముఖంలో ఇంకా కాస్త కండ ఉన్నవాళ్లకి. పీలగా, ఎముకలు కనిపించే ముఖానికి మాత్రం లోతు ఎక్కువైతే ఉన్న కొవ్వు కూడా కరిగి బుగ్గలు లోపలికి పోవచ్చు. నొప్పి ఉంటుంది, ముఖ్యంగా దవడ ఎముక మీదుగా పోయేటప్పుడు పంటి నరం లాగినట్టుంటుంది. "అస్సలు నొప్పి ఉండదు మేడమ్" అంటే, ఎనర్జీ బాగా తక్కువ పెట్టబోతున్నారేమో అని అనుమానించండి. ఫలితం బాగుంటే ఏడాది, ఏడాదిన్నర నిలుస్తుంది.

ఆర్ఎఫ్, అంటే రేడియో తరంగాల వేడి. ఇది చుక్కగా కాకుండా పరుచుకుంటూ వేడెక్కిస్తుంది. చర్మం మొత్తం పల్చబడి, నూలు చీరలా ముడతలు పడేవాళ్లకి, కళ్ల చుట్టూ, పొట్ట మీద ప్రసవం తర్వాతి వదులుకి దీన్నే ఎక్కువగా వాడతారు. ఇందులో రెండు దారులున్నాయి. థర్మాజ్ లాంటివి ఒకే సిట్టింగ్‌లో గట్టిగా వేడి పెట్టి, పైచర్మాన్ని చల్లబరుస్తూ పోతాయి. ఈ పేరుతో మొదటి మిషన్‌కి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2002లో. మామూలు ఆర్ఎఫ్ మిషన్లు పైచర్మాన్ని 40 నుంచి 42 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచుతాయి. వాటికి సిట్టింగులు ఎక్కువ కావాలి. ఒక్క సిట్టింగ్‌తో తేడా చూపిస్తామంటే నమ్మకండి.

ఆర్ఎఫ్‌లో ఒక రకానికి నడుముకో వీపుకో ఒక పట్టీ అంటిస్తారు, కరెంటు తిరిగి బయటకి పోవడానికి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఇది వద్దు. ఒంట్లో లోహపు ప్లేట్లు, రాడ్లు ఉంటే ముందే చెప్పాలి. ముక్కుపుడక, కమ్మలు, నల్లపూసలు తీయమంటారు. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్లు ఎంఆర్ఐ స్కాన్‌కి వెళ్లేటప్పుడు చేసినట్టే పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకుని వెళ్లొచ్చు. అక్కడ బల్ల మీద పడుకున్నాక తర్జనభర్జన పడేకంటే ఇది నయం.

ఇక నా మచ్చ. మూడేళ్ల కిందట ఒక చోట ఆర్ఎఫ్ చేయించుకున్నాను, పేరు అనవసరం. డాక్టర్ గారు మొదట వచ్చి చూసి వెళ్లారు, చేసింది ఒక అమ్మాయి. నాలుగో సిట్టింగ్‌లో ఆ అమ్మాయి ఫోన్ మోగింది. ఎడమ చేత్తో తీసి "తర్వాత చేస్తా" అంది. ఆ లోపు కుడి చేతిలో హ్యాండ్‌పీస్ కదలకుండా ఆగింది. మూడు సెకన్లు కూడా అయ్యుండదు. దవడ ఎముక మీద చురుక్కుమంది, నేను తల పక్కకి లాక్కున్నాను. "కొంచెం వేడి ఉంటుంది మేడమ్, ఓర్చుకోండి" అంది. ఇంటికొచ్చేసరికి రూపాయి బిళ్లంత ఎర్రగా ఉంది. వారానికి గోధుమ రంగులోకి, తర్వాత నలుపులోకి మారింది. పోవడానికి ఐదు నెలలు పట్టింది. ఓర్చుకోకండి. ఆర్ఎఫ్‌లో మంట అనిపించిన క్షణమే నోరు తెరిచి చెప్పాలి. మీరు చెప్పే మాటే అక్కడ థర్మామీటర్. అందుకే మొద్దుబారే క్రీమ్ దట్టంగా పూసి పెట్టే ఆర్ఎఫ్ అంటే నాకు భయం.

ఆర్ఎఫ్ సూదులు, అంటే మైక్రోనీడ్లింగ్‌తో కలిపిన ఆర్ఎఫ్. సన్నని సూదులు లోపలికి దిగి, కొనల దగ్గర వేడి వదులుతాయి. వదులుతో పాటు మొటిమల గుంటలు, పెద్ద రంధ్రాలు ఉన్నవాళ్లకి ఇది మంచి ఎంపిక. మామూలుగా మూడు సిట్టింగులు, మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు. సూదులు దిగే చోట రెండు మూడు రోజులు ఎర్రగా ఉంటుంది. అయితే 2025 అక్టోబరులో ఎఫ్‌డీఏ దీని మీద ఒక హెచ్చరిక ఇచ్చింది. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగిపోవడం, నరాలు దెబ్బతినడం లాంటివి తమ దృష్టికి వచ్చాయనీ, ఇంట్లో వాడే పరికరం కాదిదనీ చెప్పింది. దాని అర్థం చేయించుకోవద్దని కాదు. బ్యూటీ పార్లర్ వెనక గదిలో చేయించుకోవద్దని.

లేజర్ దగ్గర మన రంగు సంగతి వస్తుంది. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మ వైద్యుడు చర్మాన్ని ఎండకి కందే తీరు, నల్లబడే తీరు బట్టి విభజించాడు. ఆ లెక్క ఇప్పుడు ఒకటి నుంచి ఆరు దాకా ఉంది. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తాం. ఈ చర్మానికి ఏ గాయమైనా మానాక నల్లమచ్చ మిగిల్చే గుణం ఉంది. దోమ కుట్టి గోకితేనే నెలరోజులు మచ్చ ఉండే చర్మం మనది. సీఓ2 ఫ్రాక్షనల్ లేజర్ ముడతల మీద గట్టిగానే పనిచేస్తుంది, కానీ మన రంగుకి నల్లమచ్చ భయం ఎక్కువ. తక్కువ పవర్‌తో, అనుభవం ఉన్న చేతుల్లో, ఎండ తక్కువగా ఉన్న నెలల్లో మాత్రమే. ఆర్ఎఫ్, అల్ట్రాసౌండ్ చర్మం రంగుని వెతుక్కుంటూ పోవు కాబట్టి ఆ లెక్కలో మనకి అనుకూలం.

మంగు ఉన్నవాళ్లకి మాత్రం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. బుగ్గల మీద, ముక్కు మీద గోధుమ రంగు మంగు ఉంటే వేడి తగిలితే అది ముదరవచ్చు. లేజర్‌తో అసలే, ఒక్కోసారి ఆర్ఎఫ్‌తో కూడా. మేకప్‌తో వెళ్లి మంగుని దాచకండి. డాక్టర్‌కి ముందు అదే చూపించండి. ముందు మంగు చల్లారాలి, తర్వాతే బిగుతు.

దారాల గురించి ఎక్కువ చెప్పను. కరిగిపోయే పీడీఓ దారాలు సూదితో లోపలికి పంపి చర్మాన్ని పైకి తగిలిస్తారు. దారం ఆరు నెలల్లో కరిగిపోతుంది. వెంటనే కనిపించే తేడా వీటికే ఉంది, అలాగే గుంట పడటం, దారం కొన బయటకి పొడుచుకు రావడం, ఒక పక్క ఎక్కువ లాగినట్టుండటం కూడా వీటికే. ఆపరేషన్ కాదంటారు కానీ సూది లోపలికి దూరే పనే ఇది. కొల్లాజెన్ పెంచే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, పీల్చుకుపోయిన ముఖానికి అవి నప్పవచ్చు.

ఇంట్లో వాడే ఎర్రలైటు మాస్కులు, రాళ్లతో రుద్దడాలు, గోల్డ్ ఫేషియల్స్ హాయిగా ఉంటాయి. జారిన దవడని ఎత్తవు. దానికంటే రాత్రి పూట రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం) క్రీమ్, పగలు సన్‌స్క్రీన్ ఏళ్లతరబడి వాడితే వచ్చే లాభం ఎక్కువ. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో జరిపిన అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. నాలుగున్నరేళ్లు రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మం, ఇష్టం వచ్చినప్పుడు రాసుకున్నవాళ్ల కంటే 24 శాతం తక్కువ ముదిరింది. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు రెటినాయిడ్ జోలికి పోకూడదు.

ఇవన్నీ చదివాక కూడా మీ మెడ కింద చర్మం వేలాడుతూ, పట్టుకుంటే రెండు అంగుళాలు చేతిలోకి వస్తుంటే ఒక చేదు మాట చెప్పాలి. వీటిలో ఏదీ దాన్ని తీయలేదు. అది ఆపరేషన్ పని. వద్దనుకుంటే వద్దనుకోండి, ఆ నిర్ణయం మీది. కానీ ఆపరేషన్‌కి బదులుగా నాలుగు హైఫూలు చేయించుకుంటే రెండు విధాలా నష్టం.

నాలుగో పని: మిషన్ లేని డాక్టర్ని ఒకసారి కలవండి

మా వదిన విషయంలో నేను చేసిన మంచి పని ఇదొక్కటే. అమ్ముకోవాల్సిన మిషన్ లేనివాళ్ల మాట ఒకసారి వినడం. విశాఖలో ఆ సౌకర్యం ఉంది. 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, ప్లాస్టిక్ సర్జరీ విభాగమూ ఉంది. ఓపీ చీటీ రాయించుకుని వరసలో నిలబడాలి, ఉక్కపోతకి చీర కొంగు తడిసిపోతుంది, నిజమే. ముఖం వదులైందని అక్కడికి వెళ్లడానికి కొందరికి సిగ్గు కూడా. అలాంటప్పుడు మందులు మాత్రమే రాసే చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీరు అడగాల్సింది ఒకటే ప్రశ్న: "నాకు జారింది చర్మమా, కొవ్వా, ఇంకేదైనానా? మీరైతే అసలు ఏమీ చేయకుండా వదిలేస్తారా?"

తర్వాత మిషన్ ఉన్న చోటికి వెళ్లినప్పుడు బోర్డు చదవండి. చర్మ వైద్యులకి ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి డిగ్రీలుంటాయి. "కాస్మెటాలజిస్ట్" అన్న ఒక్క మాట చూసి ఆగిపోకండి, కొద్ది వారాల కోర్సు చేసినా అది పెట్టుకుంటారు. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అడిగితే కోపం వచ్చే చోట చేయించుకోకపోవడమే మేలు.

మిషన్ గురించి అడగడానికి మొహమాటపడకండి. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూడమని అడుగుతాం కదా. మిషన్ పేరేమిటి, మన దేశంలో లైసెన్స్ ఉన్నదేనా, టిప్ (చర్మానికి తగిలే కొన) నాకోసం కొత్తది తెరుస్తారా, తెరిచేటప్పుడు నన్ను చూడనిస్తారా? థర్మాజ్ లాంటి వాటిలో టిప్ ఒకరికి వాడి పారేయాలి. అందులో షాట్లు లెక్కకట్టి ఉంటాయి, మిషన్ తెర మీద అంకె పడుతుంది. హైఫూలో లైన్ల లెక్క ఉంటుంది, అంటే వేడి చుక్కలు వరసగా వేసే గీతలు. "ఎన్ని లైన్లు వేస్తారు? ఏ లోతులో ఎన్ని?" అని అడగండి. మా వదిన ఒక చోట ఇదే అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి "అవన్నీ డాక్టర్ గారు చూసుకుంటారు ఆంటీ" అంది. "చూసుకుంటారమ్మా, నాకూ చూపించమను" అంది వదిన. తర్వాత చాలాసేపు ఎవరూ బయటకి రాలేదు. మేమూ లేచి వచ్చేశాం.

చివరగా, హ్యాండ్‌పీస్ ఎవరి చేతిలో ఉంటుందో అడగండి. నా మచ్చ దగ్గర మీరు చదివిందే కారణం.

ఐదో పని: డబ్బు మాట ముందే, కాగితం మీద

ఆరు సిట్టింగుల ప్యాకేజీ ఇవాళే కడితే సగం ధర అంటారు. కట్టకండి. ఒక సిట్టింగ్‌కి ఎంత, జీఎస్టీ కలిపా విడిగానా, మొద్దుబారే క్రీమ్‌కి, తర్వాత రాసే మందులకి వేరేనా, మధ్యలో ఆపేస్తే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారా, ఇవన్నీ రాసి ఇమ్మనండి. అందం కోసం చేయించుకునే వాటికి ఆరోగ్య బీమా రాదు. కాబట్టి ఈ ఖర్చంతా మీ జేబుదే. ఈఎంఐలో పెడతామంటే ఇంకా జాగ్రత్త. మీ ముఖం తేడా కనిపించేలోపు మూడు వాయిదాలు కట్టేసి ఉంటారు. బిల్లు తప్పకుండా తీసుకోండి. ఏదైనా తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవడానికైనా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికైనా ముందు అడిగేది ఆ బిల్లే.

సంతకం పెట్టమని ఇచ్చే కాగితం చదవండి. ఇంగ్లిషులో ఉంటే తెలుగులో చెప్పించుకోండి. అందులో రాసిన ప్రమాదాల్లో వాళ్ల దగ్గర ఇప్పటిదాకా ఏవి జరిగాయని అడగండి. "మా దగ్గర ఏదీ జరగలేదు" అనేవాళ్ల కంటే, "రెండు మూడుసార్లు మచ్చ పడింది, ఇలా తగ్గించాం" అనేవాళ్ల మాటే నాకు నమ్మకంగా ఉంటుంది.

ఆరో పని: పంచాంగం చూసి రోజు పెట్టుకోండి

ముహూర్తానికి కాదు, ఎండకి. విశాఖలో మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం వేళ అతినీలలోహిత సూచిక 11 దాటే రోజులు చాలా ఉంటాయి. దానికి తోడు సముద్రం మీద నుంచి వచ్చే తళుకు. లేజర్, సూదులు ఆ నెలల్లో వద్దు. నవంబరు నుంచి జనవరి దాకా నయం. హైఫూ, మామూలు ఆర్ఎఫ్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు గానీ, చేయించుకున్న వారం ఆర్‌కే బీచ్‌లో వాకింగ్ సూర్యోదయానికి ముందే ముగించండి. సన్‌స్క్రీన్ ముఖానికి, మెడకి కలిపి రెండు వేళ్ల పొడుగునా పిండుకోవాలి, చెమట పట్టే ఊరు కాబట్టి మధ్యాహ్నం ఇంకోసారి.

ఇంట్లో పెళ్లి ఉంటే కనీసం మూడున్నర నెలల ముందు చేయించుకోండి. పెళ్లికి పది రోజుల ముందు ఏదీ కొత్తగా మొదలుపెట్టొద్దు. సూదులో లేజరో అయిన వారం దాకా నలుగు, పసుపు, ముల్తానీ మట్టి ముఖానికి తగలకూడదు. నుదుటి మీద చేయించుకుంటే స్టిక్కర్ బొట్టు కూడా ఆపండి. కుంకుమ పెట్టుకోకుండా ఉండలేనివాళ్లు పాపిట దగ్గర పెట్టుకోవచ్చు, అక్కడ చికిత్స జరగలేదు కదా.

వెళ్లేముందు చెప్పాల్సినవి ఉన్నాయి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నారా, రక్తం పల్చబడే మాత్రలా, పెదవుల మీద అప్పుడప్పుడు జ్వరం పొక్కులొస్తాయా, చెవి కుట్టించుకున్న చోట ఉబ్బి గట్టిపడిందా? చివరిది కెలాయిడ్ గుణం, సూదులు, లేజర్ విషయంలో ముఖ్యం. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ఇదంతా వాయిదా వేసుకోండి.

ఏడో పని: ఆ రోజు, ఆ తర్వాత

చేయించుకోవడానికి ముందు మీ ఫోన్‌తో మీరే ఫొటోలు తీసుకోండి. ఇంట్లో అదే కిటికీ, అదే కుర్చీ, ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు. క్లినిక్‌లో తీసే ముందు ఫొటోలో గడ్డం దించమంటారు, తర్వాత ఫొటోలో ఎత్తమంటారు. నేను చూశాను.

వీలుంటే చెవి ముందు చిన్న చోట ఒకటి రెండు షాట్లు వేయించుకుని, వారం రెండు వారాలు చూడండి. మచ్చ పడే చర్మమైతే అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత కొద్దిగా ఎరుపు, వాపు, నొక్కితే నొప్పి ఉండటం మామూలే. నవ్వితే నోరు వంకరపోయినట్టుంటే దవడ అంచున పోయే నరం అలసినట్టు. సాధారణంగా వారాల్లో సర్దుకుంటుంది గానీ, మొదటి రోజే డాక్టర్‌కి చూపించాలి. బొబ్బలెక్కినా, చీము పట్టినా, నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా వాట్సాప్‌లో ఫొటో పంపి ఊరుకోకండి, మనిషి వెళ్లాలి. కొన్ని నెలల తర్వాత ఒకచోట గుంట పడుతున్నట్టు అనిపిస్తే రెండో సిట్టింగ్ ఆపేయండి.

మా వదిన సంగతి అడుగుతారేమో. మిషన్ లేని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లానన్నాను కదా, ఆయన టార్చి వేసి నోట్లో చూసి, ఎడమ పక్క కింద రెండు దవడ పళ్లు లేవని తేల్చారు. ఏడెనిమిదేళ్ల కిందట తీయించుకుందట, మాకెవరికీ చెప్పలేదు. "ముందు పళ్లు కట్టించుకు రండమ్మా, తర్వాత మిగిలిందేమిటో చూద్దాం" అన్నారు. కట్టించుకున్నాక ఎడమ బుగ్గ కొద్దిగా నిండింది. గడ్డం దగ్గర వదులు ఇంకా ఉంది, దానికి తెర ఉన్న అల్ట్రాసౌండ్ ఒక్క సిట్టింగ్ చాలన్నారు. కార్తీక పౌర్ణమి వెళ్లాక డేటు తీసుకుంది. మొదటి ఫొటోలు వంటింటి కిటికీ దగ్గర నేనే తీశాను, రెండోవి మాఘమాసంలో తీయాలి.